మూసిన డిక్కీలో దీపం

యోబు రెండు చేతులూ కారు డిక్కీ మూత మీద ఆనించి, లోపల ఉన్నది నేను కాదు పాలకుండ అన్నట్టు మెల్లగా దించాడు. కొక్కెం టక్కున పడింది. శ్రావణ ముసురు వెలుతురు, తడిసిన కొమ్మ, యోబు గడ్డం కింది పాత గాటు, అన్నీ ఒక్కసారే పోయాయి. చీకటి అయింది, కానీ నిండు చీకటి కాలేదు. నా ముఖానికి జానెడు పైన, మూత అడుగున బిగించిన బుడ్డి బల్బు ఇంకా వెలుగుతోంది. మూత పడితే ఆరిపోవలసిన బల్బు. పొద్దుటి పొయ్యిలో మధ్యాహ్నానికి మిగిలిన నిప్పుకణిక లాగా, ఎర్రగా, ఎవరికోసమూ కాకుండా వెలుగుతోంది. రేకు అవతలి నుంచి యోబు గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు వచ్చింది. "ఏమాయె జంగప్పన్నా? ఆరిందా?" ఆరలేదని, వెలుగుతూనే ఉందని చెప్పాను. అతను దేవుణ్ణి తలుచుకున్నాడు, అరచేత్తో రేకు మీద ఒకసారి చరిచాడు. ఆ సంతోషాన్ని నేనే నిలవనియ్యలేదు. "మరి తాండూర్ల ఎందుకు వెలుగదు యోబూ? ఆడ గూడ ఇదే డిక్కీ, ఇదే బల్బు. పటేలు ముందుగాల అదే అడుగుతడు." చెట్టు మీది నీళ్లు రేకు మీద రాలాయి. చివరికి యోబు, రైలు టైమయింది, తెరుస్తాను, దిగు అన్నాడు. వద్దన్నాను. దానంతటది ఆరుతుందేమో ఇక్కడే ఉండి చూస్తానన్నాను. ఊపిరాడదన్నాడు. అంచు రబ్బరు చినిగి ఉంది, గాలి వస్తూనే ఉంది, నువ్వు పోయి పటేలును తీసుకురా అన్నాను. తాళంచెవుల గుత్తి గలగలలాడుతూ గుట్ట దిగి దూరమైంది.

ఒక గంట. తాండూరు పాసింజరు వచ్చి, మనుషులు దిగి, టాంగా గుట్ట ఎక్కి వచ్చేదాకా ఒక గంట. ఆ టాంగాలో జనార్దన్ రెడ్డి పటేలు ఉంటాడు, తాండూరు బండల వ్యాపారి, ఈ కారు ఆయనది. ఆయన పక్కన పరిగి నుంచి కుదుర్చుకున్న కొత్త డ్రైవరు ఉంటాడు. శనివారం వచ్చి తాళంచెవులు తీసుకుంటానని పటేలు కబురు పెట్టాడు, ఇవ్వాళ శనివారం. పదకొండేళ్లుగా యోబు నడుముకు వేలాడిన గుత్తి ఇంకొకరి నడుముకు పోతుంది. గుత్తి పోతే పోనీ అనుకోవచ్చు, చేతిలో పని ఉన్నవాడు. కానీ దానితో కూడా ఒక మాట వస్తుంది అతని వెంబడి. కారు బ్యాటరీ విప్పి పెళ్లిళ్లలో మైకు సెట్టుకు కిరాయికి ఇచ్చినవాడు, దొరికినవాడు. ఆ మాట వెంబడి ఉంటే తాండూరులో గానీ వికారాబాదులో గానీ ఎవరి కారు తలుపు పట్టుకుని నిలబడగలడు. ఆ మాటకు విత్తనం వేసింది నేను. బల్బు వెలుగులో నా చేతివేళ్లు కనిపిస్తున్నాయి, యాసిడ్ తిని గోళ్లు పసుపు రంగుకు తిరిగిన వేళ్లు. వికారాబాదు స్టేషను ముందు నా దుకాణం, బ్యాటరీలు ఛార్జి చేస్తాను, ఇరవై ఏళ్లుగా మనుషులతో కంటే డబ్బాలతోనే ఎక్కువ కూర్చున్నాను. డబ్బా తన సంగతి తానే చెబుతుంది, గాజు పిచికారీతో నీళ్లు పీల్చి చూస్తే లోపలి బెండు తేలుతుందా మునుగుతుందా అన్నదే దాని మాట. జ్యేష్ఠంలో పటేలు స్వయంగా నా దుకాణానికి వచ్చాడు. కొత్త బ్యాటరీ, రెండు నెలలు కాలేదు, తాండూరులో వారమంతా షెడ్డులో ఉన్నా ఒక్క తిప్పుకు లేస్తుంది, ఇక్కడ శుక్రవారం నిలబెడితే సోమవారం పొద్దునకు చచ్చిపడి ఉంటుంది. ఏమిటి సంగతి అన్నాడు. ఛార్జి చేసి మూడు రోజులు బల్ల మీద పెట్టుకున్నాను. బెండు తేలింది తేలినట్టే ఉంది. పటేలు మళ్లీ వచ్చి అడిగితే అన్నాను, "బ్యాటరీ మంచిగనే ఉన్నది పటేలా. ఎవరో వాడుకుంటున్నరు." అంతే అన్నాను. యోబు అనలేదు. కానీ శుక్రవారం నుంచి సోమవారం దాకా కారు పక్కన ఉండేది యోబు ఒక్కడే. నా వంటి తక్కువ మాటల మనిషి ఒక మాట అంటే జనం దాన్ని రెండింతలు నమ్ముతారు. మైకు సెట్టు బిచ్చయ్య తాను ఆ బ్యాటరీ కళ్ల చూడలేదని సంతలో నిలబడి ఒట్టు వేశాడు, ఒట్టు వేసిన కొద్దీ నిజమే కాబోలు అనుకున్నారు.

యోబు నన్ను ఏమీ అనలేదు. అతని భార్య సత్యమ్మ వచ్చింది. యాసిడ్ జాడీల పక్కన చీర కుచ్చిళ్లు దగ్గరికి పట్టుకుని నిలబడింది, ఎక్కడా తగలకుండా. తిట్టడానికి వచ్చిందనుకున్నాను, తిడితే తల వంచుకుని వినవచ్చు. ఆమె ఒకటే అడిగింది. "నువ్వు చూసినవా, జంగప్పన్నా?" గూడ్సు బండి పోతోంది, వాడి జంక్షను వైపు పోయేది, బండల పెట్టెలు బొగ్గు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి, పోతూనే ఉంది. ఆ చప్పుడులో జవాబు చెప్పకపోయినా ఫరవాలేదనిపించింది. బండి పోయింది, ఆమె ఇంకా నిలబడే ఉంది. అప్పుడు కూడా చెప్పలేదు. ఆమె పోయాక పిచికారీ తీసుకుని ఎందుకో ఒక మంచి బ్యాటరీనే మళ్లీ మళ్లీ పీల్చి చూశాను. ఆ ప్రశ్నే నన్ను ఇవ్వాళ పొద్దున్నే గుట్ట ఎక్కించింది. ఆ ప్రశ్నే డిక్కీలో పండుకోబెట్టింది. చూసినవా. ఇప్పుడు చూస్తున్నాను సత్యమ్మా, చూస్తూనే ఉన్నాను, సగమే కనిపిస్తోంది.

పొద్దున పని సాఫీగానే సాగింది. బ్యాటరీ కొమ్ము మీది పట్టీ ఊడదీసి, కొమ్ముకూ పట్టీకీ మధ్య నా టెస్టు దీపం కలిపాను, ఒక హోల్డరు, ఒక బల్బు, రెండు తీగలు. కారులో ఏదీ నడవనప్పుడు అది వెలగకూడదు. సన్నగా వెలిగింది. అంటే ఎక్కడో ఏదో తాగుతోంది. ఇల్లంతా పడుకున్నాక వంటింట్లో ఎవరో కుండ దించుతున్నట్టు. ఒక్కొక్క ఫ్యూజే పీకాను, హెడ్లైట్లది, హారనుది, ముందు అద్దం తుడిచే పుల్లలది. దీపం ఆరలేదు. డైనమో తీగ విప్పాను, ఆరలేదు. చివరికి ఫ్యూజు దగ్గరికి పోకుండా సీదా బ్యాటరీ దగ్గరి నుంచే వెనక్కి పోయే గుడ్డ చుట్టిన తీగ ఒకటి కనిపించింది. చాప లేపి, సీట్ల కింది నుంచి వేలు పెట్టుకుంటూ దాని వెంబడి పోతే ఇక్కడ తేలింది, డిక్కీ బల్బు దగ్గర. అమెరికా కారు, పోలీసు యాక్షను తరువాత ఎవరో జాగీర్దారు తొందరగా అమ్ముకుని పోతే పటేలు కొన్నాడు, అటువంటి కార్లలో సామాను పెట్టుకునే చోట కూడా దీపం ఉంటుంది. మూత ఎత్తితే వెలగాలి, వెలిగింది. మూత వేస్తే ఆరాలి. ఆరిందో లేదో ఎవరు చూస్తారు. మూత వేశాక చూసేవాడు లోపల ఉండడు, లోపల చూడాలని మూత ఎత్తితే అది వెలగవలసిన దీపమే అవుతుంది. పదకొండేళ్లలో ఆ సంగతి ఎవరికీ తోచలేదు. నాకు తోచింది అని గర్వపడడానికి లేదు, సత్యమ్మ అడగకపోతే నాకూ తోచేది కాదు.

కళ్లు మూసుకున్నాను. మూసినా ఎర్రగానే ఉంది. పెట్రోలు వాసన, స్పేర్ టైరు రబ్బరు వాసన, గోనెసంచి, అందులోంచి రాలిన కందిపప్పు గింజలు నడుము కింద గుచ్చుకుంటున్నాయి. పటేలు తల్లి రామమ్మకు తాండూరు కందిపప్పు తప్ప గొంతు దిగదు. గుట్ట మీది ఛాతీ దవాఖానాలో ఆరు నెలలుగా ఉంది. ప్రతి శుక్రవారం కారు ఆమెకు పప్పు, మజ్జిగ, ఇంటి కబుర్లు మోసుకుని వస్తుంది, ఆమెకు ఏదైనా అవసరం పడితే అని సోమవారం దాకా దవాఖానా కింది ఈ బాట మీదనే ఆగి ఉంటుంది. రేకు మీద కాకి ఒకటి వాలింది, గోళ్లు గీసుకుంటూ అటూ ఇటూ నడుస్తోంది, లోపల మనిషి ఉన్నాడని దానికి తెలియదు. పైన వార్డులో ఎవరో దగ్గుతున్నారు. ఇంత దూరం, ఇంత రేకు, అయినా ఆ దగ్గు నేను గుర్తు పట్టగలను, ఆ మనిషి ఎవరో కాదు, ఆ దగ్గు ఎటువంటిదో. మొదట పొడిగా రెండు, తరువాత ఆగడం, ఆ ఆగడంలో పక్క మంచాల వాళ్లు కూడా ఊపిరి బిగబట్టి ఉండడం. దోమ అనే ఊరి బడిలో పంతులు కూడా అట్లాగే ఆగేవాడు, ప్రశ్న అడిగి. ఏడు ఎనిమిదులు ఎంత జంగప్పా. నాకు తెలుసు. యాభై ఆరు అనే మాట పళ్ల వెనకాలదాకా వచ్చి నిలబడేది, వాకిట్లో నిలబడ్డ చుట్టంలాగా, రమ్మంటే గానీ రాడు. రానియ్యకపోయేవాణ్ణి. వీనికి రాదు అని పంతులు బల్ల మీద నిలబెట్టేవాడు. బల్ల మీది నుంచి కిటికీలోంచి జొన్నచేను, చేను మీద గాలి, గాలి ఎటు పోతే అటు చేను తల వంచడం కనిపించేది. నిలబడడం నాకు కష్టం అనిపించలేదు. మా నాయన కూడా అంతే. ఎడ్లతో మాట్లాడేవాడు, అమ్మతో మాట్లాడలేదు. ఎడ్లు అమ్మేసిన ఏడు ఆయన ఇంట్లో రెండు మాటలే మాట్లాడాడు, రెండూ వాన గురించి.

వీపు సీటు వెనక పలకకు ఆనుకుంటోంది. ఇవతలికి జరిగాను. కాసేపటికి మళ్లీ అక్కడే ఉన్నాను. బల్బు ఆరలేదు. ఇప్పుడు చూస్తే బల్బు పక్కన ఇంకొకటి ఉంది, పొద్దున వెలుతురులో కనిపించలేదు, చిటికెన వేలు మొదటి కణుపంత గాజు గొట్టం, రెండు వైపులా మూసి ఉంది, ఒక చివర రెండు తీగముక్కలు లోపలికి పోయాయి, ఆ చివరనే ఏదో తళతళ మంటోంది. వెండి బొట్టు. వెండి కాదు, వెండి అయితే వణకదు. నేను ఊపిరి వదిలితే రేకు కదిలిందేమో, అది వణికింది. దాన్ని నేను ఎక్కడో చూశాను. పైనే చూశాను, ఈ గుట్ట మీదనే, ఇక్కడికి రెండు వందల అడుగుల్లో, ఆడవాళ్ల వార్డులో, కిటికీ నుంచి నాలుగో మంచం. నా భార్య శాంతవ్వ ఆ మంచం మీద రెండేళ్లు ఉంది. తాండూరు అవతలి ఊరు ఆమెది, మా ఇంటికి వచ్చిన పదేళ్లకు కూడా మాటలో కన్నడం పోలేదు. ఆదివారం ఆదివారం పోయి మంచం పక్కన స్టూలు మీద కూర్చునేవాణ్ణి, మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేదాకా, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని. మాతాడ్రి అనేది. జర మాతాడ్రి. ఏం మాట్లాడాలి. బ్యాటరీలు వచ్చాయి, పోయాయి. రేడియో ఉన్న ఇళ్లు ఊళ్లో పదిహేను అయ్యాయి. అది కూడా చెప్పేవాణ్ణి కాదు. ఆమే చెప్పేది, పక్క మంచం ముసలమ్మ సంగతి, రాత్రి వార్డులోకి వచ్చిన పిల్లి సంగతి, చివరికి ఆమెకే దగ్గు వచ్చి ఆపేది.

ఆ ఆదివారం జ్వరం చూసే గాజు పుల్ల ఆమె చేతిలోంచి జారింది. కింద తాండూరు బండల నేల, నీలంగా, తుడిచి తుడిచి నున్నగా ఉండేది, పటేలు తండ్రి గనుల బండే అయి ఉంటుంది. పుల్ల పగిలింది, లోపలి పాదరసం బయట పడింది. నేను భయపడ్డాను, నర్సమ్మ ఏమంటుందో అని. శాంతవ్వ నవ్వింది. మంచం పట్టీ మీద బోర్లా పడుకుని చేయి కిందికి వేసి వేలితో దాన్ని తాకింది, అది ఐదు అయింది, పది అయింది, మళ్లీ వచ్చి ఒకటి అయింది. ఎన్నో నెలల తరువాత నవ్వింది, జడ నేల మీద పడింది. అప్పుడు ఆ బొట్టు ఆమె వేలిని విడిచిపెట్టి మెల్లగా, ఎవరో పిలిచినట్టు, తలుపు వైపు పోయింది. బండ మీద ఏమీ లేదు, అడ్డం లేదు, తోసినవాళ్లు లేరు. "చూడున్రి," అంది. "నేల వాకిలి దిక్కు వంగి ఉన్నది. రెండేండ్ల నుంచి పండుకున్న, నాకు తెల్వనే లేదు. మనిషికి తెల్వదు, దానికి తెలుస్తది." నేను కాగితం ముక్కతో దాన్ని ఎత్తుతున్నాను. ఆ వంగినట్టే వంగి ఉండగా ఆమె మెల్లగా అడిగింది, నేను ఇంటికి వస్తనా అని. బొట్టు కాగితం మీదికి ఎక్కదు, ఎక్కినట్టే ఎక్కి జారిపోతుంది. నేను దాన్నే చూస్తున్నాను. వస్తవు అని ఒక్క మాట. అబద్ధమే కానీ, ఎంత పని. ఆమె ఇంకోసారి అడగలేదు. కార్తీకం వెళ్లకముందే పోయింది.

రేకు కింద ఉన్నాను. వీపు మళ్లీ పలకకు ఆనింది. మళ్లీ అటే. ఎవరూ తోయలేదు.

లేచి కూర్చోబోతే తల మూతకు కొట్టుకుంది. బొట్టు వణికింది, బల్బు ఒక్కసారి రెప్ప వేసి మళ్లీ వెలిగింది. నేను జారుతున్నాను, అది కూడా జారింది. కారు ముక్కు కిందికి ఉంది. వెనక పైకి, ముందు కిందికి, దవాఖానా బాట గుట్ట దిగే చోట కారు తల కిందికి పెట్టుకుని ఉంది, ముందు చక్రానికి రాయి అడ్డం. మూత ఎత్తితే ఈ గొట్టం ఏ వైపుకు వంగుతుందో, కారును ముక్కు కిందికి పెట్టినా అదే వైపుకు వంగుతుంది. బొట్టు పోయి రెండు తీగల మధ్య కూర్చుంటుంది, మూత ఎత్తారనే అనుకుంటుంది, దీపం వెలిగిస్తుంది. గోరుతో గొట్టం రెండో చివరను మెల్లగా కిందికి నొక్కాను. బొట్టు ఇవతలికి పరుగెత్తింది. చీకటి పడింది, ఈసారి నిండు చీకటి, నా చేయి నాకు లేదు. వదిలాను. వెలిగింది. నొక్కాను, ఆరింది. గొట్టం ఉన్న రేకు పట్టీ కొంచెం వంకర పోయి ఉంది, దాని అంచున నీలపు పొడి, నమూనా బండలు ఎక్కించేటప్పుడు ఏ బండ మూలో తగిలి ఉంటుంది. అందుకే ఈ కాస్త వాలు సరిపోయింది. తాండూరు షెడ్డులో నేల చదును, బండలు పరిచిన నేల, అక్కడ బొట్టు తన చోట తాను పండుకుంటుంది. ఇక్కడ మూడు రాత్రులు, మూడు పగళ్లు, ఎవరూ చూడని దీపం. నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వాను కాబోలు, కాకి లేచిపోయింది.

నవ్వు పూర్తి కాకముందే ఇంకొకటి వచ్చింది, దాని వెనకాలే, చీకట్లో కుక్క వచ్చినట్టు. కారును ముక్కు కిందికి పెట్టమని యోబుకు చెప్పింది ఎవరు. మాఘంలో, పాత బ్యాటరీ రోజుల్లో, యోబు నా దుకాణం ముందు తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ నిలబడ్డాడు. దవాఖానాలో పెద్దమ్మకు రాత్రిపూట ఊపిరి ఆడకపోతే కారు లేవకుంటే ఎట్లా అన్నా అని అడిగాడు. నేను యాసిడ్ పోస్తూ తల ఎత్తకుండానే చెప్పాను. బాట దిగే చోట ముక్కు కిందికి పెట్టి నిలుపు. చక్రానికి రాయి పెట్టు. బ్యాటరీ చచ్చినా రాయి తీసి గేరు వేస్తే బండి లేస్తది, ఫికర్ చెయ్యకు. అతను విన్నాడు. కొత్త బ్యాటరీ వచ్చాక కూడా విన్నాడు. ప్రతి శుక్రవారం నా మాట ప్రకారం కారును ఇక్కడ, ఈ వాలులో, తల వంచి నిలబెట్టి, రాయి పెట్టి, చేతులు దులుపుకున్నాడు. ముక్కు కిందికి పెట్టినందుకు బ్యాటరీ చచ్చింది, బ్యాటరీ చస్తుందనే భయానికి ముక్కు కిందికి పెట్టాడు. మందు ఇచ్చినవాణ్ణి నేను. రోగం పుట్టించినవాణ్ణి నేను. పట్టుకుపోయి పటేలు ముందు యోబును నిలబెట్టినవాణ్ణీ నేనే. అయినా అతను పొద్దున ఫ్లాస్కులో చాయ తెచ్చి ఇచ్చాడు, చక్కెర ఎక్కువ వేశానన్నా, నీకు ఇష్టం కదా అని.

రైలు కూత ఎప్పుడో వినపడి ఉంటుంది. నేను విన్నది గుర్రపు డెక్కలు, తరువాత టాంగా బ్రేకు, తరువాత పటేలు గొంతు. అందరూ రేకు మీద మాట్లాడుతున్నట్టే ఉంది. అవ్వకు జ్వరం ఉన్నదా అని తల్లి గురించి అడిగాడు మొదట, యోబు లేదన్నాడు. "గా బ్యాటరాయన ఏడి?" "డిక్కీల ఉన్నడు పటేలా." "డిక్కీల ఏం చేస్తున్నడురా?" "చూస్తున్నడు పటేలా." తాళంచెవి తిరిగింది.

వెలుతురు మీద పడింది. కళ్లు మిరుమిట్లు కమ్మి ఏమీ కనిపించలేదు, తరువాత ముగ్గురు కనిపించారు, గొడుగు పట్టుకున్న పటేలు, యోబు, పక్కన చిన్న రేకు పెట్టె చేత పట్టుకున్న మీసాల మనిషి, రాజేందర్ అట, కొత్త డ్రైవరు. కాళ్లు తిమ్మిరెక్కి లేవలేకపోయాను, యోబు చంకల్లో చేతులు వేసి దింపాడు. చొక్కాకు కందిపప్పు అంటుకుని ఉంది. ఇదీ సంగతి పటేలా అని బల్బు వైపు చూపించాను. ఆయన చూశాడు. "మూత ఎత్తితే వెలుగదా? వెలిగేదే గదా." నా చేయి అట్లాగే ఆగిపోయింది. గంటసేపు నేను చూసింది మూత లేవగానే పోయింది. మూత ఎత్తితే ఏ కారులోనైనా వెలిగే మామూలు దీపం. చూసినవాణ్ణి నేను ఒక్కణ్ణే, చెప్పవలసినవాణ్ణీ నేను ఒక్కణ్ణే, ఆ మాట పళ్ల వెనకాల వచ్చి నిలబడింది. పటేలు యోబు వైపు చేయి చాచాడు, గుత్తి కోసం. యోబు నడుము దగ్గర ముడి విప్పుతున్నాడు, తడిసిన ముడి, తొందరగా రావడం లేదు.

"పటేలా," అన్నాను. "యోబు ఏం చెయ్యలే. జ్యేష్ఠంల నేను చెప్పింది చూడకుంట చెప్పిన. తప్పు నాది. కారు ముక్కు కిందికి పెట్టమన్నది గూడ నేనే. ఇది ముక్కు కిందికి ఉంటె మూత వేసినా వెలుగుతది. నా మాట నమ్మొద్దు. ఒకసారి నమ్మి చెడిన్రు. మీరు లోపల పండుకోండ్రి, మీ కండ్లతోని చూడున్రి."

ఇన్ని మాటలు వరుసగా ఎప్పుడు అన్నానో నాకు గుర్తు లేదు. పటేలు నా ముఖం చూశాడు, తరువాత డిక్కీ చూశాడు, స్పేర్ టైరు, గోనె, పప్పు. ఆయన మంచి లావు మనిషి, తెల్లటి ధోవతి, లాల్చీ. కొత్త డ్రైవరు నవ్వు ఆపుకోలేక పెట్టె ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. పటేలు గొడుగు తీసుకుపోయి అతని చేతిలో పెట్టాడు, నవ్వు పోయింది. చెప్పులు విడిచాడు. బండలు కొనేముందు ప్రతి బండనూ వేలితో కొట్టి మోత విని గానీ తీసుకోని మనిషి, అది మరిచిపోయాను నేను. ఒక కాలు లోపల పెట్టి, యోబు భుజం పట్టుకుని, రెండో కాలు కూడా పెట్టి, మూలుగుతూ పండుకున్నాడు. "వెయ్యిరా," అన్నాడు.

యోబు రెండు చేతులూ ఆనించి దించాడు. పాలకుండ. నేను ముందు వైపుకు పోయాను, బానెటు ఎత్తి ఉంది, నా టెస్టు దీపం పట్టీ దగ్గర ఎర్రగా ఉంది, చేతిలోకి తీసుకున్నాను. "వెలుగుతున్నదా పటేలా?" అని యోబు అడిగాడు. లోపలి నుంచి జవాబు వచ్చింది, ఇంట్లో ఎవరో పడుకుని మాట్లాడినట్టు, మెత్తగా. "వెలుగుతున్నదిరా."

యోబు స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. నేను రాయి తీశాను. బ్రేకు వదలగానే కారు మెల్లగా కదిలింది, ఇంజను లేదు, చప్పుడు లేదు, టైర్ల కింద తడి మట్టి ఒకటే. నేను దీపం చేత పట్టుకుని పక్కన నడుస్తున్నాను, అర్ధగడియ నడిచినట్టుంది, పదిహేను అడుగులు కూడా కావు. బాట కింద, దవాఖానా గేటు ముందు, నేల చదును అవుతుంది. ముందు చక్రాలు అక్కడికి చేరాయి, తరువాత వెనకవి. కారు తల ఎత్తింది. నా చేతిలోది ఆరింది. అదే క్షణాన రేకు లోపల, "ఆరింది," అన్నాడు పటేలు. ఎవరితో అన్నాడో తెలియదు. మళ్లీ అన్నాడు, "ఆరింది."

యోబు దిగాడు. తొందర పడలేదు. చక్రానికి రాయి పెట్టబోయి, అవసరం లేదని పక్కన పడేశాడు. వెనక్కి వచ్చి మూత ముందు నిలబడ్డాడు, నడుము దగ్గరి ముడి ఇంకా సగం విప్పే ఉంది. పైన వార్డులో దగ్గు వినిపించడం లేదు. వాన సన్నగా పడుతోంది, రేకు మీద, ముగ్గురి మీద.

లోపల చీకటి నిండుగా ఉంటుందని నాకు తెలుసు.

"యోబూ," అన్నాడు పటేలు. ఈసారి ఒరే, రా ఏవీ లేవు. "గుత్తి ఎవరి దగ్గర ఉన్నది?"

"నా దగ్గర్నే ఉన్నది, పటేలా."

"ఉండనీ. నీ దగ్గర్నే ఉండనీ. జర మూత తెరువు."